పదికి తొమ్మిది

నరసరావుపేటలో వినుకొండ రోడ్డు మీద ఉన్న ట్రాక్టర్ల షోరూంలో నా ఉద్యోగం ఫోన్లు చేయడం. తొమ్మిదేళ్ళుగా అదే పని. సర్వీసు చేయించుకుని వెళ్ళిన రైతుకు మర్నాడు ఫోన్ చేసి, "నమస్కారమండీ, షోరూం నుంచి పద్మజను, బండి ఎలా నడుస్తోందండీ?" అని అడగాలి. రోజుకు అరవై మంది. పొలంలో ఉన్నవాడు విసుక్కుంటాడు, అన్నం ముందు ఉన్నవాడు తర్వాత చెయ్యమంటాడు, ఇంకొకడు బండి సంగతి వదిలేసి మోటారుకు కరెంటు రావడం లేదని నన్ను తిడతాడు. అందరికీ ఒకే గొంతుతో "థాంక్యూ అండీ" అనాలి. ఆ గొంతు రెండేళ్ళ కిందట పాడైంది. మాటలు తగ్గించమన్నాడు డాక్టరు. నేను చేసే పనేమిటో చెప్పాక ఆయనే నవ్వేసి, గోరువెచ్చని నీళ్ళు తాగుతుండమన్నాడు. అప్పటి నుంచి నా బల్ల మీద ఒక ఫ్లాస్కు ఉంటుంది.

నా ఫోన్ ఒకెత్తు, ఆ తర్వాత కంపెనీ నుంచి వెళ్ళే ఫోన్ ఒకెత్తు. హైదరాబాదులో కూర్చున్న ఒక అమ్మాయి రైతును అడుగుతుంది, మీ బండికి పని చేసిన మెకానిక్‌కు పదికి ఎన్ని మార్కులు ఇస్తారని. రైతు పది అంటే మా కంప్యూటర్లో ఆ మెకానిక్ పేరు పక్కన పచ్చరంగు పడుతుంది. తొమ్మిది అంటే ఎరుపు. సున్నా అన్నా ఎరుపే. తొమ్మిదికీ సున్నాకీ తేడా లేని ఈ లెక్క కనిపెట్టినవాడెవడో గానీ, వాడు జన్మలో ఒక్క పరీక్ష కూడా రాసి ఉండడు.

పైగా మా వైపు మనుషులకు పది ఇవ్వడం చేతకాదు. బాగుంది అనడానికి "పర్లేదు" అంటారు. చాలా బాగుంది అనడానికి "ఏదోలే, నడుస్తంది" అంటారు. పిడుగురాళ్ల దగ్గర రైతు ఒకాయన ఆరు ఇచ్చాడు. పనిలో లోపమేమిటండీ అని నేను ఫోన్ చేసి అడిగితే, "పనిలో లోపమేం లేదమ్మా. పత్తికి ధర ఏదీ? ఏం చూసుకుని పది ఇయ్యమంటావ్?" అన్నాడు. అవతల హైదరాబాదు అమ్మాయికి ఇవన్నీ రాసుకోవడానికి గడి ఉండదు.

అందుకని మా సర్వీసు మేనేజరు అమర్నాథ్ ఒక దారి కనిపెట్టాడు. ఎవరికి కంపెనీ ఫోన్ వెళ్తుందో ఒకరోజు ముందు మా కంప్యూటర్లో కనబడుతుంది. ఆ రైతుకు నేను ముందే ఫోన్ చేసి, "పది అని చెప్పండి, నేను చెప్పానని మాత్రం అనకండి" అని బతిమాలుకోవాలి. ఈ మాట అతను నోటితోనే చెప్పాడు. కాగితం మీద గానీ ఫోన్ మెసేజ్‌లో గానీ ఎక్కడా పెట్టలేదు. అలా మా వర్క్‌షాపులో ఉన్న ఏడుగురు మెకానిక్‌లలో ఆరుగురి తరఫున నెల పొడుగునా అడుక్కునేదాన్ని. ఏడోవాడు షౌకత్ భాయ్. అతను ఒప్పుకోలేదు.

షౌకత్ భాయ్ మా దగ్గర పెద్ద మేస్త్రీ. యాభై నాలుగేళ్ళుంటాయి. పాతికేళ్ళ కిందట షోరూం తెరిచిన రోజు నుంచీ ఉన్నాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనను ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. లోపల ఏది అరిగిందో ఆ మోతలోనే తెలుస్తుందట. నేల మీద సుద్దముక్కతో గళ్ళు గీసి, విప్పిన బోల్టులను విప్పిన వరసలోనే వాటిలో పెడతాడు. పని అయ్యాక తనే బండెక్కి కాలవ మీది కల్వర్టు దాకా నడిపి, వెనక్కి తెచ్చి, అప్పుడు తాళం రైతు చేతికిస్తాడు. రైతులు అతనికి బండి అప్పజెప్పి బజారు పనులకు వెళ్ళిపోతారు. మిగతా మెకానిక్‌ల దగ్గర అలా కాదు. ఒక స్టూలు లాక్కుని, ఏది విప్పుతున్నాడో ఏది మారుస్తున్నాడో కళ్ళార్పకుండా చూస్తూ కూర్చుంటారు. పక్కన స్టూలు ఉందా లేదా చూసి, ఆ బండి ఎవరి చేతిలో ఉందో నా బల్ల దగ్గర నుంచే చెప్పగలిగేదాన్ని.

"నా పేరు మీద ఎవుర్నీ అడగమాక పద్మజమ్మా," అన్నాడు మొదట్లోనే. "అడిగి తెచ్చుకున్న పది నాకేం చెప్పుద్ది? నా పని బాగుందని చెప్పుద్దా, నువ్వు బాగా అడిగావని చెప్పుద్దా?"

అడగనని మాట ఇచ్చాను.

ప్రతి నెలా చివరి శనివారం టీ వేళకు చేతులు తుడుచుకుంటూ నా బల్ల దగ్గరికి వచ్చేవాడు. ఎన్ని మార్కులు వచ్చాయని ఏనాడూ అడగలేదు. "ఏమన్నారమ్మా?" అనేవాడు. రైతులు నాతో చెప్పిన మాటలన్నీ నేను ఒక నోటుబుక్కులో రాసి ఉంచేదాన్ని. అవి చదివి వినిపించేదాన్ని. ఒకాయన స్టీరింగు కొంచెం కుడికి లాగుతోందన్నాడు, ఇంకొకాయన బ్రేకు మునుపటి కంటే మెత్తగా ఉందన్నాడు. షౌకత్ భాయ్ టీ గ్లాసు చల్లారిపోతున్నా పట్టించుకోకుండా వినేవాడు. మళ్ళీ ఆ బండి వచ్చిన రోజున ఎవరూ చెప్పకుండానే ముందు స్టీరింగు పట్టుకుని చూసేవాడు. తొమ్మిది వచ్చిందంటే ఆ పోయిన ఒకటి ఎక్కడ పోయిందా అని వెతుక్కునే మనిషి. నేను రోజంతా చేసే ఫోన్ల వల్ల ఈ భూమ్మీద ఎవరికైనా ఉపయోగం ఉందంటే ఆ పావుగంటసేపే. నిజం చెప్పాలంటే ఆ పావుగంట కోసమే నేను నెలంతా లాక్కొచ్చేదాన్ని.

నిరుడు జూన్‌లోనూ జూలైలోనూ షౌకత్ భాయ్‌కి పచ్చ కంటే ఎరుపు ఎక్కువ వచ్చింది. అడుక్కోని వాడికి ఇంకేం వస్తుంది? ఆగస్టు మొదట్లో అమర్నాథ్ నన్ను తన గదిలోకి పిలిచాడు. గురజాల అతనిది, ముప్ఫై నాలుగేళ్ళు. రోజూ పొద్దున తొమ్మిదింటికి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే విజయవాడ నుంచి పెద్దవాళ్ళు అరగంటసేపు అతన్ని వాయిస్తారు. తొమ్మిదిన్నరకు బయటికొచ్చి అతను మమ్మల్ని వాయిస్తాడు. ఆ రోజు మాత్రం వాయించే ఓపిక కూడా లేనట్టున్నాడు.

"ఈ నెల గూడా ఎరుపు ఎక్కువొస్తే షౌకత్‌ని పెద్ద మేస్త్రీగా తీసేసి బండ్లు కడిగే కాడ వెయ్యమన్నారు మేడం. ఆ ప్లేసులో నాగార్జునని పెట్టమంటున్నారు."

నాగార్జున మంచివాడే. షౌకత్ భాయ్ దగ్గరే పని నేర్చుకున్నాడు. కానీ అతని పేరు పక్కన ఉన్న పచ్చరంగంతా నా గొంతు అరుగుదల.

"భాయ్ పనేంటో మీకు తెలియదా సార్?" అన్నాను.

"తెలవకేం? మా నాయన గురజాల నుంచి బండి ఇంత దూరం తోలుకొచ్చేది షౌకత్ కోసమే. కానీ మీటింగులో పని చూపించలేను గదా, రంగు చూపించాల. ఒక్క ఫోన్ చెయ్యండి మేడం. ఆయనకి చెప్పడం దేనికి?"

చెయ్యనన్నాను. నెలాఖరు దాకా ఆ మాట మీదే నిలబడ్డాను కూడా. ఆ నెల షౌకత్ భాయ్ చేసిన బండ్లలో కంపెనీ వాళ్ళు ఎంచుకున్నవి ఐదు. ఇరవై ఎనిమిదో తేదీకి నాలుగు వచ్చేశాయి. రెండు పచ్చ, రెండు ఎరుపు. ఐదోది పచ్చ అయితే గట్టెక్కుతాడు, ఎరుపైతే చేతికి నీళ్ళ గొట్టం వస్తుంది. ఆ ఐదో పేరు రొంపిచెర్ల మహాలక్ష్మిది.

మహాలక్ష్మి పిన్ని మాకు బంధువు కాదు. తొమ్మిదేళ్ళుగా ఫోన్లో మాట్లాడి మాట్లాడి పిన్ని అయిపోయింది. అరవై ఏళ్ళ మనిషి. భర్త పోయాక సొంత ఆరెకరాలూ, కౌలుకు తీసుకున్న ఎనిమిదీ తనే చేయిస్తుంది. బండి సర్వీసుకు వస్తే డ్రైవరు పక్కన మడ్‌గార్డు మీద కూర్చుని తనూ వస్తుంది. తాళం షౌకత్ భాయ్ చేతిలో పెట్టి, సంచీ పట్టుకుని బజారుకు పోతుంది. సాయంత్రం వచ్చి, ఏం చేశావని కూడా అడగకుండా బండెక్కుతుంది.

ఆ ఆగస్టులో మిరపతోట వేసే అదనులో ఆమె బండికి లిఫ్టు నిలవడం మానేసింది. వెనకాల నాగలి ఎత్తితే కిందికి జారిపోతోంది. ఊళ్ళో మెకానిక్ పంపు మొత్తం మార్చాలన్నాడు. ఆ రోజు ఆదివారం, మాకు సెలవు. షౌకత్ భాయ్ తన స్కూటర్ మీద రొంపిచెర్ల వెళ్ళి, చేలోనే లిఫ్టు విప్పి, పంపు బాగానే ఉందనీ లోపల ఒక రబ్బరు రింగు పోయిందనీ తేల్చాడు. రింగు మార్చాడు, మర్నాడు షోరూంలో దానికి బిల్లు రాయించాడు. రెండు గంటల్లో బండి దుక్కిలోకి దిగింది.

అంత చేసినా పిన్ని పది ఇవ్వదని నాకు తెలుసు. ఆమె ఎప్పుడూ తొమ్మిదే ఇస్తుంది. అంతకు ముందు ఏడాది ఎందుకని అడిగాను. "పూర్తిగా పది అంటే దిష్టి తగలదటే? పని చేసే చేతులయ్యి. ఒకటి తగ్గించి చెప్పాల. పసిబిడ్డ బుగ్గన చుక్క పెట్టమా?" అంది. షౌకత్ భాయ్‌కి ఈ మాట చదివి వినిపిస్తే, అతను అంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. ఆ నెలంతా అందరితో తన చేతుల గురించి చెప్పుకున్నాడు.

ఇప్పుడు ఆ తొమ్మిదే అతని మెడకు చుట్టుకోబోతోంది. మధ్యాహ్నం దాకా ఫోన్ వంక చూస్తూ కూర్చున్నాను. ఇచ్చిన మాట గుర్తుంది. నా బల్ల ఎదుటి అద్దం గోడలోంచి చూస్తే షౌకత్ భాయ్ స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ చేతిలో నీళ్ళ గొట్టం ఊహించుకోలేకపోయాను. ఫోన్ తీశాను.

"చెప్పమ్మాయ్," అంది పిన్ని. "గొంతేంది అట్టుంది? మిరియాల కషాయం తాగమంటే తాగవు."

"రేపు నీకు కంపెనీ నుంచి ఫోన్ వస్తది పిన్నీ. షౌకత్ భాయ్‌కి పది చెప్పు. ఈ ఒక్కసారికి."

"నేనెప్పుడూ తొమ్మిదేగా చెప్పేది."

"తొమ్మిది చెప్తే ఆయన్ని పెద్ద మేస్త్రీగా తీసేస్తారు పిన్నీ. బండ్లు కడిగిస్తారు."

వెనకాల కూలీల కేకలు వినబడుతున్నాయి.

"తొమ్మిదికా?"

"తొమ్మిదికే."

"అదేం బడే తల్లీ, తొమ్మిదొస్తే తప్పించే బడి!" అంది. "సరేలే. ఇన్నేళ్ళలో నువ్వు నన్నొకటి అడిగినదానివా? నీ మాట తీసేస్తానా? పదే చెప్తా, పో."

అందరికీ చివర్లో చెప్పే మాట ఒకటుంది, నేను చెప్పానని అనకండి అని. అది నా నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నీ మాట తీసేస్తానా అన్న మనిషితో, నా పేరు దాచిపెట్టు అని ఎలా అనగలను? సిగ్గేసింది. థాంక్స్ పిన్నీ అని పెట్టేశాను.

మూడో రోజు పొద్దున తొమ్మిదిన్నరకు అమర్నాథ్ నన్నూ షౌకత్ భాయ్‌నీ గదిలోకి పిలిచి తలుపేశాడు. ల్యాప్‌టాప్‌లో ఒక రికార్డు పెట్టాడు. హైదరాబాదు అమ్మాయి గొంతు, ఆ తర్వాత పిన్ని గొంతు.

"పదేనమ్మా. పది రాసుకో. నరసరావుపేట షోరూంలో పద్మజ అని ఉందిలే, ఆ పిల్ల ఫోన్ చేసి చెప్పింది. చానా మంచి పిల్ల. ఆ పిల్ల పేరు గూడా రాసుకోమ్మా. ఎవురి మాట మీద ఇచ్చిందని మీ పెద్దోళ్ళు అడిగితే ఆ పేరు చెప్పు."

అయినా పిన్నిని తప్పు పట్టలేకపోయాను. మా వైపు ఒకరి మాట మీద ఒక పని చేస్తే, ఆ మాట చెప్పినవాళ్ళ పేరు చెప్పడం మర్యాద. పెళ్ళి సంబంధానికి వెళ్ళినా, ఆసుపత్రిలో మంచం కోసం వెళ్ళినా, ఫలానా వాళ్ళు చెప్పారనే మొదలుపెడతాం. తనకు తెలిసిన గౌరవమంతా పిన్ని నాకు చేసింది. అంతకు మించి నన్ను ముంచే దారి లేదు.

"ఎవరూ చెప్పకుండా మీ అంతట మీరైతే ఎంత ఇస్తారు మేడం?" అని అడిగింది ఆ అమ్మాయి.

"నా అంతట నేనైతే తొమ్మిదేనమ్మా. ఎందుకంటే..."

"థాంక్యూ మేడం," అంది అమ్మాయి. రికార్డు అక్కడితో అయిపోయింది. దిష్టి సంగతి అందులో లేదు.

షౌకత్ భాయ్ నా వైపు ఒక్కసారి చూసి, చూపు నేల మీదికి దించుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"ఆ పది కొట్టేశారు," అన్నాడు అమర్నాథ్. "ఎరుపే లెక్క. అది గాక, పది అడగమని ఎవరు చెప్పారో మధ్యాహ్నంలోపు రాసి పంపమన్నారు. మేడం సొంతంగా అడిగుంటే మేడం కాంట్రాక్టు రద్దు. మెకానిక్ అడగమనుంటే ఆయన మీద చర్య."

మూడో మనిషి పేరు అతను చెప్పలేదు. నేను చెప్పాలనే నోరు తెరిచాను. "సార్, మరి మీరేగా..."

అతను కళ్ళజోడు తీసి కళ్ళు రుద్దుకున్నాడు. "పద్మజగారూ, నేను చెప్పినట్టు ఎక్కడా రాత లేదు," అన్నాడు చాలా చిన్నగా. బెదిరించినట్టు అనలేదు, ప్రాధేయపడినట్టు అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అంతలోనే జాలి కూడా వేసింది. పొద్దున్నే వాయించుకున్న మొహం అది.

"నా పేరే రాయండి. నేనే అడిగాను, నిజం అదే," అన్నాను.

షౌకత్ భాయ్ బల్ల మీద కాగితం తన వైపు లాక్కున్నాడు. అమర్నాథ్ జేబులోంచి పెన్ను తనే తీసుకున్నాడు. వంగి నిలబడి, పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు. పది మార్కులు అడగమని పద్మజగారికి నేనే చెప్పాను, తప్పు నాది. కింద సంతకం పెట్టాడు. కాగితం అంచున నూనె వేలిముద్ర పడింది.

"ఎప్పుడు చెప్పావు భాయ్? అడగొద్దనేగా చెప్పింది!" అన్నాను.

"ఊరుకోమ్మా," అన్నాడు. "ఆ గొంతేసుకుని ఇంకో ఉద్యోగం ఏడ వెతుక్కుంటావ్?"

బయట మంచినీళ్ళ క్యాను దగ్గర అతన్ని ఆపాను. తప్పైపోయింది భాయ్ అన్నాను. అతను గ్లాసులో నీళ్ళు పట్టుకుని తాగాడు. నా మంచికే చేశావులే అన్నాడు. రెండడుగులు వేసి ఆగాడు.

"పద్మజమ్మా, ఇన్నేళ్ళూ నువ్వు చదివి వినిపించినయ్యన్నీ నిజంగా వాళ్ళు అన్నయ్యేనా? అయ్యి గూడా అడిగి తెచ్చినయ్యా?"

"ఒట్టు భాయ్. ఒక్క ముక్క కూడా నేను అడగలేదు."

తల ఊపాడు. నమ్మాడో లేదో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

సెప్టెంబరు, అక్టోబరు నెలలు అతను ట్రాక్టర్లు కడిగాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, రబ్బరు చెప్పులతో, నీళ్ళ గొట్టం పట్టుకుని నిలబడేవాడు. ఆ పని కూడా బాగానే చేశాడు. రైతులు చూసి, ఏంది భాయ్ ఇక్కడున్నావ్ అంటే, ఎండలు గదయ్యా, నీళ్ళల్లో చల్లగా ఉందిలే అనేవాడు. నాగార్జున తనకు అంతు చిక్కని బండి వచ్చినప్పుడల్లా కడిగే చోటుకు వెళ్ళి చాటుగా అడిగి వచ్చేవాడు. అలా బాగుపడిన బండ్లకు నాగార్జున పేరు మీద నేను పదులు అడిగేదాన్ని. చివరి శనివారం టీ వేళకు నా బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు. నోటుబుక్కు తెరిచి పెట్టుకుని కాసేపు చూసి మూసేశాను.

నవంబరులో వరికోతలు మొదలై బండ్లు బారులు తీరాయి. వేరే గతి లేక అమర్నాథ్ అతన్ని మళ్ళీ పనిలో దింపాడు. మొదటి రోజే విన్నాను. దాచేపల్లి నుంచి వచ్చిన ఒక రైతుకు తాళం ఇస్తూ షౌకత్ భాయ్ అంటున్నాడు, కంపెనీ ఫోనొస్తే పది చెప్పయ్యా, మర్చిపోమాక, అని. నేను సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. తర్వాత వచ్చిన రైతుకూ అదే చెప్పాడు. అదే మాట, అదే గొంతు. నేను ఫోన్లో వాడే గొంతు.

మధ్యాహ్నం అడిగాను, నువ్వు కూడా ఏంటి భాయ్ అని.

"అడగమన్నానని సంతకం పెట్టిచ్చా గదమ్మా," అన్నాడు. "ఇంక అడక్కపోతే అది అబద్ధమైపోద్ది."

నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. స్పేరుపార్టుల గదిలోకి వెళ్ళి కాసేపు నిలబడి వచ్చాను.

డిసెంబరులో అతని పేరు పక్కన అంతా పచ్చే. జనవరిలోనూ పచ్చే. విజయవాడ మీటింగులో అతని పేరు చదివారట. అమర్నాథ్ స్వీటు బాక్సు తెప్పించి, పెద్ద మేస్త్రీ బోర్డు మళ్ళీ అతని పేరు మీద పెట్టించాడు. అందరం చప్పట్లు కొట్టాం. షౌకత్ భాయ్ ఒక మైసూర్‌పాక్ ముక్క నోట్లో వేసుకుని వెళ్ళి పనిలో పడ్డాడు.

పని చెడగొట్టడని నేను పూచీ ఇవ్వగలను. చెడగొట్టడం ఆ చేతులకు రాదు. కానీ కల్వర్టు దాకా బండి నడపడం మానేశాడు. గేటు దాకా వెళ్ళి తిప్పేస్తాడు. సుద్దముక్క ఎక్కడ పోయిందో నేల మీద గళ్ళు లేవు, బోల్టులన్నీ ఒకే డబ్బాలో పడుతున్నాయి. ఏమన్నారమ్మా అని అడగడు. ఏమంటారో ముందే తెలిసినప్పుడు అడగడమెందుకు? నేనూ ఆ నోటుబుక్కు రాయడం మానేశాను. మా షోరూంకి జిల్లాలో రెండో స్థానం వచ్చింది.

ఫిబ్రవరిలో, కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్న రోజుల్లో, మహాలక్ష్మి పిన్ని బండి వేసుకుని వచ్చింది. క్లచ్ పట్టేస్తోందట. మడ్‌గార్డు మీద నుంచి దిగి, ముందు నా బల్ల దగ్గరికి వచ్చింది. ఒక పొట్లం చేతిలో పెట్టింది. మిరియాలు.

"ఏమ్మాయ్, మొన్నామధ్య నేను చెప్పిన మాట పనికొచ్చిందా?"

కడిగిన రెండు నెలల సంగతి చెప్పలేదు. ఏమని చెప్పను? నీ మంచితనమే మమ్మల్ని ముంచిందని చెప్పనా?

"పనికొచ్చింది పిన్నీ. భాయ్ పెద్ద మేస్త్రీయే."

"మరి! నీ పేరు గూడా చెప్పా," అంది మురిసిపోతూ.

షౌకత్ భాయ్ దగ్గరికి వెళ్ళి తాళం ఇచ్చింది. ఎప్పటిలాగే సంచీ భుజాన వేసుకుని బజారు వైపు తిరిగింది. అతను తాళం జేబులో వేసుకున్నాడు. ఇంకా బండి మీద చెయ్యి కూడా వెయ్యలేదు.

"అమ్మా, కంపెనీ ఫోనొస్తే పది చెప్పు. మర్చిపోమాక," అన్నాడు.

పిన్ని ఆగింది. వెనక్కి తిరిగి అతని మొహం చూసింది.

"నువ్వడుగుతున్నావేంది మేస్త్రీ?"

"అందురూ అడిగేదేలేమ్మా."

ఆమె అక్కడే నిలబడింది. అతన్ని చూసింది, బండిని చూసింది, అద్దంలోంచి నా వైపు చూసింది. తర్వాత నాగార్జున పని చేస్తున్న చోటుకు నడిచి, అక్కడ ఖాళీగా ఉన్న స్టూలు ఒక చేత్తో ఈడ్చుకొచ్చి, తన బండి పక్కన వేసుకుని కూర్చుంది. సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకుంది.

నేను బయటికి వెళ్ళాను. "బజారుకు పోవా పిన్నీ?"

"తర్వాత పోతాలే," అంది. నా వైపు చూడలేదు.

షౌకత్ భాయ్ స్టూలు చూశాడు. పానా చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాడు. తర్వాత బండి కిందికి వంగాడు. పని అయ్యేసరికి మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలూ ఆమె కళ్ళు అతని చేతుల మీదే ఉన్నాయి. మధ్యలో రెండుసార్లు లేచి, విప్పిన బోల్టులు డబ్బాలో ఎన్ని ఉన్నాయో వంగి చూసింది.

రెండు రోజుల తర్వాత అమర్నాథ్ గదిలో ఆ రికార్డు నేను అడిగి విన్నాను. హైదరాబాదు అమ్మాయి ప్రశ్న పూర్తి కాకముందే పిన్ని పది అని చెప్పి ఫోన్ పెట్టేసింది. ఈసారి ఎవరి పేరూ చెప్పలేదు.